ఉప్పు అంచు మీద ఉండాలి

మొన్న రాయపూర్‌లో మా చెల్లెలి మనవరాలి రిసెప్షన్‌కి వెళ్ళేను. హోటల్ హాల్లో ఓ మూల నల్ల ఏప్రన్ కట్టుకున్నాయన గాజుగ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి, సాసర్లో ఉప్పూకారం మీద బోర్లించి తిప్పి, ఐసు వేసి, నిమ్మరసం పిండి, బీరు వొంపి నా చేతికిచ్చేడు. దీని పేరు మిచెలాడా అని, మెక్సికో దేశపు డ్రింకని, మీ వయసువాళ్ళకి కొత్తగా ఉంటుంది కాబట్టి మెల్లగా తాగమని హిందీలో బోధించేడు.

నాకు ఒళ్ళు మండింది. కొత్తట. ఛత్తీస్‌గఢ్ అనే రాష్ట్రం పుట్టకముందు, భిలాయి ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజుల్లో, క్యాంప్ వన్ అనే కార్మికుల బస్తీలో మా రెండు గదుల ఇంటి వెనక, బట్టలుతికే బండ మీద ఈ గ్లాసు తయారు చేసిన వాళ్ళం మేం. ఇప్పటి వాళ్ళకి ఓ జబ్బుంది. తమకి నిన్న తెలిసిన సంగతి లోకానికి ఇవాళే తెలిసిందనుకుంటారు. అందుకని ఇది రాస్తున్నాను. చేతుల్తో పనిచేసే పిల్లలెవరైనా ఉంటే ముఖ్యంగా వాళ్ళు చదవండి. ఇందులో బీరు కొంచెం, ఉద్యోగం ఎక్కువ.

నేను ఫిట్టర్ని. పార్వతీపురం దగ్గర ఎనిమిదో తరగతి సగంలో ఆపేసి, మా మావ వెనకాల రైలెక్కి భిలాయి వొచ్చేను. తర్వాత చదువంతా నాది నేనే చదువుకున్నాను. పాత సామాన్ల కొట్లో ఓ ఇంగ్లీషు డిక్షనరీ దొరికింది. మొదటి నలభై పేజీలూ లేవు. అందుకని 'A' అక్షరంతో మొదలయ్యే మాటలతో నాకు ఇప్పటికీ పరిచయం తక్కువ. మిగతా అక్షరాలన్నీ భోజనం గంటల్లో తినేసేను. మిషన్లతో వచ్చే మాన్యువల్ పుస్తకాలు ఇంజనీర్లు బీరువాల్లో పెట్టి తాళం వేసేవాళ్ళు. నేను తాళం చెవి అడిగి తీసుకుని చదివేవాణ్ణి. ఇది గొప్పకి చెప్పడం లేదు. గొప్పే, అయినా అందుకు చెప్పడం లేదు. కథకి అవసరం.

భిలాయి ఉక్కు ప్లాంటులోకి కొత్త మిషన్లొస్తే వాటిని దింపి, నిలబెట్టి, అమర్చి ఇచ్చే కంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. విజయనగరం వైపు మనిషి. నేనూ మరో ముప్ఫైమందీ ఆయన దగ్గర పని. తొంభైల్లో ఓ ఎండాకాలం రోలింగ్ మిల్లులో ఏనుగంత గేరుబాక్సు ఒకటి నిలబెట్టే పని పడింది. దాని నాలుగు కాళ్ళూ నేలకి సమంగా ఆనాలి. ఎక్కడైనా ఆనకపోతే ఆ కాలికింద షిమ్ము పెడతాం. షిమ్మంటే పల్చటి రేకుముక్క. ఊగే కుర్చీ కాలికింద మీరు కాగితం మడతపెడతారే, అలాంటిదే. కాకపోతే ఇక్కడ వెంట్రుకవాసి తేడా ఉన్నా మిషను అదిరి అదిరి బేరింగు కాలిపోద్ది.

ఆ గేరుబాక్సు మూడో కాలు సరిగా ఆనలేదని నాకనిపించింది. సైటు ఇన్‌చార్జి కంట్రాక్టరుగారి బావమరిది. డిప్లొమా చదివేడు, బూట్లకి రోజూ పాలిష్ ఉండేది. బోల్టు బిగించేం కదా, కాలు కూచుంది, ఇంకేటి నీ గోల అన్నాడు. అప్పుడు నేను అనకూడని మాట ఒకటి అన్నాను, అదీ గ్యాంగంతా వినేలా.

"సార్, బోల్టు బిగిస్తే ఏ కాలైనా కూచుంటుంది. కూచోడం వేరు, ఆనడం వేరు."

వెనకనించి ఎవరో నవ్వేరు. ఆ నవ్వే నా కొంప ముంచింది. నా మాట తప్పని అతనికి నమ్మకముంటే అతనూ నవ్వి వొదిలేసేవాడు. ఒప్పేమోనన్న అనుమానం వొచ్చింది కాబట్టే మర్నాటికి నన్ను సైటునించి తీసేసేడు. ఉద్యోగం తియ్యలేదు. అంతకన్నా పెద్ద శిక్ష వేసేడు. దుర్గ్ రోడ్డులో మా కంట్రాక్టరు ఒక బంగళా అద్దెకి తీసుకుని గెస్ట్‌హౌస్ అని పేరు పెట్టేడు. నీకు ఇంగ్లీషొచ్చు కదా, అక్కడ దిగిన దొరగారిని చూసుకో అన్నాడు బావమరిది. ఇరవయ్యేళ్ళు స్పానరు పట్టిన చేతికి ట్రే ఇచ్చేరు.

ఆ దొరగారు మెక్సికో మనిషి. ఆ గేరుబాక్సు తయారుచేసిన కంపెనీ, అది తిరిగేదాకా దగ్గరుండి చూడమని పంపించింది. ప్లాంటు కట్టడానికి సాయమొచ్చింది రష్యావాళ్ళు కాబట్టి, భిలాయిలో విదేశీయుడంటే రష్యావాడే అని జనం లెక్క. ఇతను పొట్టిగా, గట్టిగా, బట్టతలతో, అచ్చం మా మేనమామ రంగులో ఉండేవాడు. ఓ రోజు బజార్లో కూరగాయలమ్మే మా శ్రీకాకుళం ఆవిడ ఇతన్ని చూసి మనవాడే అనుకుని, ఏటి కావాల బాబూ అని తెలుగులో అడిగింది. అతను చాలా మర్యాదగా ఒక వంకాయ కొనుక్కున్నాడు.

అతని ఊరూ ఇనుము కరిగించే ఊరే. ఇంగ్లీషు అతనిదీ నాలాగే సొంత చదువు. ఇద్దరిదీ అరకొరే కాబట్టి ఒకరి తప్పులు ఒకరికి తెలిసేవి కావు. అంత హాయైన సంభాషణ నేను మళ్ళీ ఎవరితోనూ చెయ్యలేదు.

కానీ మనిషి దిగులుగా ఉండేవాడు. గేరుబాక్సు తిప్పి చూసినప్పుడల్లా అదిరేది, వేడెక్కేది. నూనె మార్చేరు, మోటారుతో కలిపే కప్లింగు విప్పి మళ్ళీ కట్టేరు, లాభం లేదు. అతను సాయంత్రం వొచ్చి టోపీ బల్లమీద పడేసి కూచునేవాడు. అన్నం కెలికి వొదిలేసేవాడు. మూడో కాలని నా నాలిక చివరిదాకా వొచ్చేది. నేను నోరెత్తితే మిగిలిన ట్రే కూడా పోతుందని మింగేసేవాణ్ణి.

ఓ మధ్యాహ్నం, మే నెల ఎండ కిటికీ పరదాలోంచి కూడా కాలుస్తుంటే, మా ఊళ్ళో ఇలాంటి ఎండకి మందుందని చెప్పేడు. చెప్పడం చాలక కాగితం తీసి బొమ్మ గీసేడు. గ్లాసుని నిలువునా కోసినట్టు, కొలతలతో, బాణం గుర్తులతో, మిషను డ్రాయింగు గీసినట్టే గీసేడు. మూలన సామాను జాబితా. బీరు, నిమ్మకాయ, ఉప్పు, మిరపకారం, ఐసు. ఇంతే, దీనికి మించి వంట లేదు, మా ఇళ్ళల్లో ఆదివారం ఎవరైనా చేసుకుంటారు అన్నాడు. ఆ మాట అంటుంటే మొహంలో కొంచెం వెలుగొచ్చింది.

అదే వారం మా కంట్రాక్టరు గెస్ట్‌హౌసుకి వొచ్చేడు. వచ్చే ఆదివారం ప్లాంటు ఆఫీసర్లని భోజనానికి పిలిచేనని, దొరగారు అందరిముందూ మొహం మాడ్చుకు కూచుంటే బాగోదని, ఏదో ఒకటి చెయ్యమని అన్నాడు. నేను ఆ డ్రింకు సంగతి చెప్పేను. నువ్వు చెయ్యగలవా అన్నాడు. ఎందుకు చెయ్యలేనూ అన్నాను.

"ఆయన మొహం వికసించిందనుకో, సోమవారంనించి నువ్వు సైటుకి పోవొచ్చు. మా బావమరిదితో నేను చెప్తాను. లేదంటే ఆ మిషను తిరిగి ఆయన విమానం ఎక్కేదాకా ఇక్కడే."

నాకు కావల్సింది అదే. ఆ గేరుబాక్సుని లారీ మీదనించి దింపిన చేతులు నావి. అది మొదటిసారి సరిగా తిరిగే రోజున నేను ఎక్కడో గ్లాసులు తుడుస్తూ ఉండడమనే ఊహే నాకు అన్నం సయించనిచ్చేది కాదు.

నాకు ఎంత ధైర్యమంటే, ఉప్పూ నిమ్మకాయా నాకు చేతికింద నౌకర్లు. ఎండాకాలం మిల్లులో పనిచేసేవాళ్ళకి నిమ్మనీళ్ళ డ్రమ్ము పెట్టడం రివాజు. ఒంట్లో ఉప్పంతా చెమటలో కారిపోద్ది కదా, అందుకని. మా గ్యాంగు డ్రమ్ము పదేళ్ళపాటు నా చేతిమీదే నడిచింది. షిఫ్టు మొదలవగానే డ్రమ్ములో నీళ్ళు, ఐసుదిమ్మ, నిమ్మరసం, పిడికెడు పిడికెడు ఉప్పు, తెడ్డుతో కలుపుడు. పక్క గ్యాంగులవాళ్ళు కూడా మా డ్రమ్ము దగ్గరికే వొచ్చేవాళ్ళు. అలాంటివాడికి ఐదు సరుకుల జాబితా ఓ లెక్కా?

ఆదివారం పదకొండు గంటలకి వరండాలో పెద్ద అల్యూమినియం గంగాళం పెట్టేను. ఐసు ఫ్యాక్టరీనించి తెచ్చిన దిమ్మ పగలగొట్టి వేసేను. నలభై నిమ్మకాయలు పిండేను. చల్లటి బీరు, రెండు పెట్టెల సీసాలు, ఒకటి తర్వాత ఒకటి వొంపేను. అప్పటికే కొంచెం నురగ లేచింది. ఆఫీసర్లు వొచ్చి కుర్చీల్లో సర్దుకుంటున్నారు. మా కంట్రాక్టరు వాళ్ళకి నన్ను చూపించి, మెక్సికో స్పెషల్ అని చెప్తున్నాడు. నేను గ్యాంగులో చేసినట్టే, మోచెయ్యి పైకెత్తి, మూడు పిడికిళ్ళ ఉప్పు ఒక్కసారి వేసి తెడ్డు పెట్టి తిప్పేను.

బీరుకీ నీళ్ళకీ ఉన్న తేడా ఆ క్షణంలో తెలిసింది. గంగాళం ఒక్కసారి బుస్సుమంది. పాలు పొంగినట్టు కాదు, అంతకన్నా కోపంగా లేచింది. గంగాళం దాటి, వరండా అరుగు దాటి, మెట్లమీదనించి దిగింది. ఆఫీసర్లు కాళ్ళెత్తి కుర్చీల్లో పెట్టుకున్నారు. ఒకాయన ఎత్తడం ఆలస్యమైంది, ఆయన తెల్లబూట్లు పోయేయి. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వంటాయన, ఛత్తీస్‌గఢియా మనిషి, నెమ్మదిగా అన్నాడు.

"భయ్యా, యే తో ఉబల్ గయా."

ఉడికి పొంగిపోయిందట. ఐసుమీద ఉడికిపోయిన పదార్థం నేను తప్ప ఇంకెవరూ చేసుండరు. నురగ దిగిపోయేక గంగాళంలో మిగిలింది పసుప్పచ్చటి చప్ప నీళ్ళు. అందులో నిమ్మ తొక్కలు ఈదుతున్నాయి.

సరిగ్గా అప్పుడే దొరగారు గదిలోంచి బయటికొచ్చేడు. మెట్లమీది నురగ చూసేడు, గంగాళం చూసేడు, నా చేతిలో తెడ్డు చూసేడు. గొంతుక్కూచుని నురగలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. తర్వాత అక్కడే మెట్టుమీద కూలబడి నవ్వడం మొదలెట్టేడు. కళ్ళంట నీళ్ళు కారేదాకా నవ్వేడు. నెలన్నరలో అతను నవ్వడం అదే మొదలు.

భోజనాలయ్యేక కంట్రాక్టరు నన్ను పక్కకి పిలిచేడు. నేను ఏమాత్రం సిగ్గుపడకుండా, బాబూ మాట ప్రకారం మొహమైతే వికసించింది కదా అన్నాను.

"తాగి నవ్వితే వికసించడం. ఆయన నిన్ను చూసి నవ్వేడు," అన్నాడు. "ఆ ట్రే నీకు బాగుంటుంది. ఇక్కడే ఉండు."

సైకిలు తొక్కుకుంటూ క్యాంప్ వన్‌కి వొచ్చేసరికి సాయంత్రం నాలుగు. జేబులో దొరగారి బొమ్మ ఉంది. మా ఆవిడ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఆవిడ నాకు మేనమామ కూతురు. చిన్నప్పటినించీ బావా అనే పిలుపు, నువ్వు అనే మాటే. సంగతంతా చెప్పేను, ఇంక గేరుబాక్సు నా చేత్తో తిరిగే యోగం లేదని కూడా చెప్పేను. ఆవిడ బీరు గురించి ఒక్క మాట తిట్టలేదు. చాట పక్కన పెట్టి అడిగింది.

"బావా, గోలీసోడాలో ఉప్పేస్తే ఏటవుద్ది?"

నేను జేబులో బొమ్మ తడుముకున్నాను.

"వీధి చివర సోడా కొట్టువాడికి కూడా తెలుసు. ముందు గ్లాసులో ఉప్పేసుకుని సన్నగా వొంపుతాడు. పిడికెడేసి పైనించి వేస్తే మొహమ్మీదకి వొస్తుంది. ఇంగ్లీషు పుస్తకాలు అన్ని చదివేవు, సోడా ఒక్కటి చదవలేదేటి?"

అప్పుడు బొమ్మ తీసి చూపించేను. ఆవిడకి చదువు రాదు. కాగితం అటూ ఇటూ తిప్పి, గ్లాసు అంచు దగ్గర చిన్న చిన్న చుక్కలున్న చోట వేలుపెట్టి, ఇవేటివి అంది. చూసేను. ఆ చుక్కలు ఉప్పు. దొరగారు ఉప్పుని గ్లాసు లోపల గియ్యలేదు. అంచుమీద గీసేడు. బాణం గుర్తు కూడా పెట్టేడు. డ్రాయింగు చూడకుండా పని ముట్టుకోకూడదని పదిమంది ఫిట్టర్లకి నేర్పినవాణ్ణి నేను. సామాను జాబితా చదివి, బొమ్మ చూడకుండా వొదిలేసేను. నా పనితనంమీద నాకున్న పొగరు తప్ప ఇంకెవరూ కారణం కాదు. ఆ బావమరిదిని తిట్టడానికి కూడా వీల్లేకపోయిందన్నదే నాకు ఎక్కువ బాధేసింది.

మా ఆవిడకి మాత్రం అంతా తేలిపోయింది. "ఇది మావిడికాయ ముక్క లెక్కే కదా బావా. పచ్చికాయ కోసి ముక్కకి పైన ఉప్పుకారం అద్దుకు తింటాం, కాయలోపల కూరం కదా. నాలిక్కి ముందు ఉప్పు తగలాలి, తర్వాత కారం, ఆ తర్వాత పులుపు రావాలి."

లేచి వెళ్ళి మూకుడులో నాలుగు ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర వేయించింది. వీధంతా తుమ్ములు. చిన్నరోట్లో ఉప్పుతో కలిపి నూరింది. గాజుగ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి పొడిలో తిప్పింది. గోలీసోడా తెప్పించి, గ్లాసు పక్కకి వొంచి, గోడవారగా నెమ్మదిగా జారనిచ్చింది. పొంగలేదు. తాగి చూడమంది. తాగేను. గంగాళం దగ్గర నిలబడి నేను ఎంత వెర్రివాణ్ణో ఆ మొదటి గుటకలోనే తెలిసిపోయింది.

మీరు ఇంట్లో చేసుకోవాలంటే ఇంతే. ముందురోజే పొడి నూరి సీసాలో పెట్టుకోండి. గ్లాసు చల్లగా, బీరు ఇంకా చల్లగా ఉండాలి. సగం నిమ్మకాయ అడుగున పిండి, పైన ఐసు, ఆపైన గ్లాసు వొంచి బీరు. బీరు వొద్దనుకున్నవాళ్ళకి సోడా. మిగతాదంతా ఏప్రన్ కట్టుకున్నవాళ్ళ హడావిడి.

సోమవారం మా ఆవిడ పొడిని న్యూస్‌పేపర్ ముక్కలో పొట్లం కట్టి ఇచ్చింది. అప్పుడే ఓ షరతు కూడా పెట్టింది. బీరు సీసా ఎప్పుడైనా ఇంటికొస్తే వెనక బండ దగ్గరే ఉండాలి, వంటింటి గడప దాటకూడదు.

ఆ సాయంత్రం దొరగారు సైటునించి వొచ్చి, మామూలుగానే టోపీ విసిరేసి కూచున్నాడు. నేను అడక్కుండానే ఒకే ఒక్క గ్లాసు చేసి ముందు పెట్టేను. అతను అంచు చూసేడు. నన్ను చూసేడు. ఓ గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు. ఈ పొడి ఎవరిది అని అడిగేడు. మా ఆవిడదని చెప్పేను. సగం తాగేక గ్లాసు కింద పెట్టి, నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసేడు. బొటనవేలి పక్క కాయ, గోరుకింద దిగిన గ్రీజు మరక. ట్రేలు మోస్తే ఇవి రావు, నువ్వెవరు అని అడిగేడు.

నా దగ్గరున్న ఇంగ్లీషంతా ఆ పూట ఖర్చుపెట్టేను. ఫిట్టర్నని చెప్పేను. ఎందుకు ఇక్కడున్నానో చెప్పేను. మూడో కాలు కూచుంది కానీ ఆనలేదని చెప్పడానికి మాట చాలక, బల్లమీద నాలుగు అగ్గిపెట్టెలు పెట్టి, ఒకదాని కింద నిమ్మగింజ దూర్చి, పైన ప్లేటు పెట్టి చేత్తో నొక్కి చూపించేను. నొక్కినంతసేపూ ప్లేటు బుద్ధిగా ఉంది. చెయ్యి తీసేసరికి ఊగింది.

అతను ప్లేటుని మళ్ళీ మళ్ళీ నొక్కి చూసేడు. గ్లాసు ఖాళీ చేసి లేచేడు. "రేపు పొద్దున్న ఆరింటికి. నాతో," అన్నాడు.

మర్నాడు జీపులో అతని పక్కన కూచుని మిల్లులోకి వెళ్తుంటే గ్యాంగంతా పని ఆపి చూసింది. బావమరిది ఎదురొచ్చేడు. ఇతను గెస్ట్‌హౌస్ మనిషండీ, ఇక్కడ పని లేదు అన్నాడు ఇంగ్లీషులో.

"గెస్ట్‌హౌస్ మనిషి కాదు," అన్నాడు దొరగారు. "నా మనిషి."

మూడో కాలిమీద సూది గడియారం లాంటి కొలత పరికరం పెట్టించి, బోల్టు నన్నే వదులు చెయ్యమన్నాడు. స్పానరు పట్టుకుంటే పోయిన బంధువు మళ్ళీ కనిపించినట్టయింది. అర చుట్టు వదులు చేసేనో లేదో, సూది టక్కున గెంతింది. కాలు పైకి లేచింది. ఇన్నాళ్ళూ బోల్టు దాన్ని బలవంతాన నేలకి వొంచి పట్టుకుందన్నమాట. మొత్తం పెట్టె మెలితిరిగి అందుకే అదురుతోంది. బావమరిది బూట్లకేసి చూసుకున్నాడు. వాటికి ఆ రోజూ పాలిష్ ఉంది.

షిమ్ము కత్తిరించి నేనే దూర్చేను. ఒకటి ఎక్కువైంది, తీసి పల్చటిది పెట్టేను. మధ్యాహ్నానికి నాలుగు కాళ్ళూ ఆనేయి. స్విచ్చి వేసేరు. గేరుబాక్సు తిరిగింది. నిద్రపోతున్న మనిషి ఊపిరి తీస్తున్నట్టు ఒకే ఒరవడిలో తిరిగింది. దొరగారు అరగంట చూసేడు. చెయ్యి పెట్టి వేడి చూసేడు. తర్వాత మా గ్యాంగు డ్రమ్ము దగ్గరికెళ్ళి, స్టీలుగ్లాసు నిండా నిమ్మనీళ్ళు ముంచి తెచ్చి, తిరుగుతున్న గేరుబాక్సు నెత్తిమీద పెట్టేడు. అందరం వొంగి చూసేం. నీళ్ళమీద ఒక్క ముడత లేదు.

అతను ఆ గ్లాసు తీసి నిలబడే తాగేసి, ఖాళీగ్లాసు నా చేతికిచ్చి, "మాయెస్త్రో," అన్నాడు.

నా డిక్షనరీలో ఆ మాట లేదు. సాయంత్రం అడిగితే చెప్పేడు. వాళ్ళ దేశంలో చేతిపని బాగా తెలిసిన వడ్రంగినీ, తాపీవాణ్ణీ, ఫిట్టర్నీ అలా పిలుస్తారట. ఎంత పెద్ద ఇంజనీరైనా పనివాణ్ణి అలాగే పిలవాలట. గురువుగారూ అన్నట్టు. ఆ రాత్రి సైకిలు మీద వొస్తూ ఆ మాట పైకి అనుకుంటూ వొచ్చేను. లెవెల్ క్రాసింగు దగ్గర గేటు వేసుంటే, పక్కన నిలబడ్డవాడు నన్ను వింతగా చూసేడు.

తర్వాత మిషను ప్రారంభోత్సవం అయింది. కంట్రాక్టరు ఉపన్యాసంలో తన బావమరిది పనితనాన్ని పది నిమిషాలు పొగిడేడు. ఫిట్టర్లు అన్న మాట ఒక్కసారి రాలేదు. నేను వెనక వరసలో నిలబడి విన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే రక్తం మరుగుతుంది. పిల్లలూ, మీ పని గురించి మీరు కూడా ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోండి, మైకు మీ చేతికి ఎవరూ ఇవ్వరు. కానీ ఆ గేరుబాక్సుకి ఎవరి షిమ్మో తెలుసు. నాకది చాలు. పూర్తిగా చాలదు, అయినా చాలనుకున్నాను.

అతను వెళ్ళిపోయే ముందు ఆదివారం మా ఇంటికొస్తానన్నాడు. గెస్ట్‌హౌసు వొద్దు, ఆ పొడి నూరిన రోలు చూడాలన్నాడు. క్యాంప్ వన్‌లో మా సందులోకి జీపు పట్టదు. మొదట్లోనే దిగి నడిచొచ్చేడు. వెనకాల సగం వీధి. మా ఎదురింటి బిలాస్‌పూర్ దీదీ తన కుర్చీ పంపించింది, పక్కింటివాళ్ళు టేబుల్ ఫ్యాను పంపించేరు. పెరట్లో బట్టలుతికే బండ కడిగి దానిమీద గ్లాసులు పేర్చేం. మా గ్యాంగులోంచి నలుగురు వొచ్చేరు. షరతు ప్రకారం బీరు బండ దగ్గరే ఉంది, గడప దాటలేదు. చేపల పులుసు మాత్రం గడప ఇవతలకొచ్చింది. అతను దాన్ని మూడుసార్లు వడ్డించుకున్నాడు, చెమటలు కక్కుతూ మా ఊరి వంటలా ఉందన్నాడు.

ఆరోజు గ్లాసులన్నీ మా ఆవిడే అంచు దిద్దింది. బీరు వొంపడం నేను. ఆవిడ తనకోసం సోడా గ్లాసు ఒకటి చేసుకుని, గుమ్మంలో కూచుని మమ్మల్ని చూస్తోంది. దొరగారు తన గ్లాసెత్తేడు. మా గ్యాంగు ముందు నన్ను మళ్ళీ ఆ మాటతో పిలుస్తాడని నేను కొంచెం నిటారుగా కూచున్నాను. అతను నన్ను దాటి గుమ్మంకేసి తిరిగి, ఆవిడ వైపు గ్లాసు చూపించి, "మాయెస్త్రా," అన్నాడు. చివరి అక్షరం మార్చేడు, ఆడవాళ్ళకి అలా అంటారట.

ఏటంటున్నాడు బావా అని అడిగింది. చెప్పక తప్పలేదు. పని తెలిసినవాళ్ళని వాళ్ళ దేశంలో గౌరవంగా పిలిచే పిలుపని చెప్పేను. ఆవిడ సోడా ఓ గుటక తాగింది.

"బాగుంది. అయితే రేపట్నించి ఏమే, ఒసే అని కాదు. అలాగే పిలువు."

గ్యాంగంతా నవ్వేరు. నేనూ నవ్వేను. నలభయ్యేళ్ళ సర్వీసులో నాకొచ్చిన బిరుదు అదొక్కటే. వారం తిరక్కుండా దాన్ని ఇంట్లోనే పంచుకోవాల్సొచ్చింది. పంచుకోడం కూడా కాదు, మా ఇంట్లో ఇప్పటికీ ఆ పిలుపు ఆవిడదే.

మొన్న రిసెప్షన్లో ఆ ఏప్రనాయన ఉపన్యాసం పూర్తిగా విన్నాను. వినేసి, అతని సాసర్లో ఉప్పుకారం చిటికెడు కాగితం నేప్కిన్లో వేసుకుని, హాల్లో ఆ చివర ఆడవాళ్ళ మధ్య కూచున్న మా ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళేను. ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, లేవలేదు. వేలికొన అద్ది నాలిక్కి రాసుకుంది.

"జీలకర్ర వెయ్యలేదు," అంది. "మిరపకాయ వేయించలేదు కూడా. వెళ్ళి చెప్పు అతనికి."

వెళ్ళి చెప్పేను. ఎవరు చెప్పేరని అడిగేడు. ఆ మూల ఆకుపచ్చ చీరలో కూచున్న మాయెస్త్రా చెప్పిందన్నాను. అతను తలెత్తి హాలంతా చూసి, సాసరు పక్కకి తోసి, వంటింట్లోకి జీలకర్ర కోసం మనిషిని పంపించేడు.